టీచరక్క పెంచిన రాణిచీమలు

మొన్న మంగళవారం పొద్దున కోరుట్ల నుంచి ఫోన్ వచ్చింది. మా సైన్సు టీచరక్క పోయింది. నిద్రలోనే పోయిందని ఆమె బిడ్డ చెప్పింది. నేను ఒక సంగతి ఆమెకు సరిగ్గా చెప్పుకోకుండానే మిగిలిపోయాను.

చందుర్తి దగ్గర ఒక ఊరి బడిలో నేను తెలుగు టీచర్‌గా చేరేనాటికే ఆమె అక్కడ ఉంది. ఒకే ఇంట్లో చెరో గది అద్దెకు తీసుకున్నాం. ఒకరోజు అడవిలోంచి నక్సలైట్ అన్నలు, మర్నాడు పోలీసులు ఊళ్లోకి వచ్చే కాలం అది. ఎవరు తలుపు తట్టినా ముందు దీపం తగ్గించేవాళ్లం.

తొలకరి పడగానే అక్క గోడల వెంట వంగి, రెక్కలు రాల్చుకున్న రాణిచీమలను వెతికేది. ఒక్కో గాజు గొట్టంలో ఒక్కో చీమ. అడుగున నీళ్లు, ఆ నీళ్లకు అడ్డంగా దూది, మూతికి ఇంకాస్త దూది. నల్లకాగితం చుట్టి బడిలో చెక్కపెట్టెలో ఉంచేది. మొదటి పిల్లచీమలు పుట్టేదాకా తిండి అక్కర్లేదు, వెలుతురు తగలొద్దు, కదపొద్దు. "దాని రెక్కల కండనే దానికి బువ్వ, చెల్లె" అనేది. వారానికొకసారి ఊపిరి బిగబట్టి చూసేది.

ఆ వానాకాలంలో పోలీసులు బడిని సోదా చేశారు. పెట్టె తెరిచి, బాంబు సామానని అనుమానించారు. ఎస్సై ఒక గొట్టం తీసి చెవి దగ్గర ఊపాడు.

"ఊపకున్రి సారూ. బెదిరితే దాని గుడ్లు అదే తింటది," అంది అక్క.

ఎస్సై నావైపు తిరిగి, ఇవేమిటో తెలుసా అని అడిగాడు. నాకు అన్నీ తెలుసు.

"నాకెరుక లేదు సారూ," అన్నాను.

అక్కనూ పెట్టెనూ జీపులో సిరిసిల్ల తీసుకుపోయారు. మర్నాడు మా హెడ్మాస్టరు పోయి మాట్లాడితే వదిలారు. స్టేషన్‌లో ఒక గొట్టం దూది తీస్తే చీమ ఎస్సై బల్ల మీద నడిచిందట.

పెట్టెతో తిరిగొచ్చాక అక్క గొట్టాలన్నీ చూసింది. ఒక్కదాంట్లోనూ గుడ్లు లేవు. నేను ఏదో చెప్పబోయి ఏడ్చాను. ఆమె పెట్టె మూసింది.

"బెదిరినదాన్ని మల్ల కదిలియ్యొద్దు, చెల్లె. చీకట్ల ఉండనియ్యాలె."

నేను ఎరుక లేదన్న మాట అక్క ఇంకెప్పుడూ ఎత్తలేదు. మూడు వారాల తర్వాత నన్ను పిలిచి, ఒక గొట్టం నా చేతిలో పెట్టింది. రోడ్డు మీద జీపు చప్పుడు దగ్గరవుతోంది. ఇద్దరం కదల్లేదు. గొట్టంలో రాణిచీమ, తెల్లటి గుడ్ల ముద్దను నోట కరుచుకుని, దూదికి ఆనుకుని నిలబడి ఉంది.