బాపు పీకిన హెడ్‌ఫోన్ వైరు

మా బాపు ఊరుగాని ఊరు బమ్రోలిలో సాంచాలు, అంటే బట్ట నేసే మరమగ్గాలు నడుపుతాడు. ఈ వారం రాత్రి డ్యూటీ కాబట్టి, పగలు మాకున్న ఒక్క గదిలోనే పడుకుంటాడు. నేను పక్కన కూర్చుని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఫోన్లో గేమ్ ఆడతాను. బాపు మాత్రం తన నిద్ర చెడకూడదనే నేనలా చేస్తున్నానని అందరికీ గొప్పగా చెప్పుకుంటాడు. అసలు కారణం వేరే. గేమ్‌లో నా టీమ్ వాళ్ల మాటలు ఇంట్లో ఎవరికీ వినబడకూడదని.

ఈ రోజు మధ్యాహ్నం ఆట మధ్యలో బాపు లేచాడు.

“గంటలకొద్ది గవి పెట్టుకుంటే చెవులు ఖరాబైతయి బిడ్డా. స్పీకర్ల పెట్టుకో. సాంచాల మోత వినేటోన్ని, నీ ఆట నన్నేం లేపుతది?” అంటూ వైరు పీకేశాడు.

వెంటనే టీమ్‌లోని అబ్బాయి గొంతు గదంతా మోగింది. “అరే రియా, జోర్ సే బోల్ నా! తేరే పాపా తో బ్యాంక్ మే హోంగే!” గట్టిగా మాట్లాడమనీ, మీ నాన్న ఈ టైముకి బ్యాంకులో ఉంటాడు కదా అనీ.

నా పేరు రియా కాదు. మా నాన్న బ్యాంక్ మేనేజరని వాళ్లకు చెప్పింది నేనే.

కొడతాడేమో అనుకున్నాను. బాపు కాసేపు ఫోన్ వైపే చూశాడు.

“జోర్‌గనే మాట్లాడు బిడ్డా. మీ బాపు బ్యాంకుల ఉన్నడట గదా” అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

గేమ్ ఆపేసి చాలాసేపు కూర్చున్నాను. బాపు గురక వినబడలేదు. సాయంత్రం బాపు అన్నం డబ్బా పట్టుకుని, రోజూలాగే “పోయొస్త బిడ్డా” అని డ్యూటీకి వెళ్లాడు. తిట్టి ఉంటే ఏడ్చేసి సారీ చెప్పేదాన్ని. తిట్టని మనిషికి సారీ ఎలా మొదలుపెట్టాలో మీలో ఎవరికైనా తెలుసా?