సీఆర్పీ చెప్పని చోటు

ఈ ఉదయం పొదిలి ఆస్పత్రిలో, నేను రోగుల్ని చూసే గదిలో కోటమ్మ ఎండుమిర్చి మూట విప్పింది. ముడి వదులు కాగానే ఘాటు ముక్కులోకెక్కి నాకూ, నర్సుకూ, బయట బల్లల మీద కూర్చున్న రోగులకూ ఒకేసారి తుమ్ములు మొదలయ్యాయి. కోటమ్మ మాత్రం తుమ్మలేదు. ఆమెకు అలవాటే. ముచ్చికలు, అంటే తొడిమలు, ఊడని కాయలు, పాలిపోయిన తాలుకాయ ఒక్కటి కూడా కలవకుండా ఏరి తెచ్చింది. ఏటా కొత్త పంట రాగానే రెండు మూటలు తెస్తుంది. ఒకటి నాకు, రెండోది గుంటూరులో ఎస్తేరు మేడంకి చేర్చడానికి. మేడం పోయి ఆరు నెలలైంది. కోటమ్మకు ఇంకా తెలియదు. రెండో మూటను అంత జాగ్రత్తగా గోడవారకు చేరుస్తుంటే నేను పంట సంగతులు అడుగుతూ ఉండిపోయాను.

నేను గుంటూరులో ఒక ఆస్పత్రిలో జూనియర్ డాక్టరుగా చేరినప్పుడు ఎస్తేరు మేడం మా యూనిట్‌కు పెద్ద. పొట్టి మనిషి, వార్డు ఈ చివర మాట్లాడితే ఆ చివరకు వినబడే గొంతు. ఎవరినీ తిట్టేవారు కాదు. ఏడిపించేవారు. తిట్టినా బాగుండునని మేమే అనుకునేవాళ్లం. ఆవిడకో పద్ధతి ఉండేది. ల్యాబ్ రిపోర్టు చేతికిస్తే ఒకసారి చూసి, మంచం పక్కన బల్ల మీద బోర్లా పెట్టేసేవారు. అప్పుడు రోగి దగ్గర కూర్చుని, ఏమీ తెలియనట్టు మొదటి నుంచీ అడిగేవారు. మాకు విసుగ్గా ఉండేది. వార్డు నిండా మనుషులుంటే ఈవిడ ఒక్కొక్కరి దగ్గరా పెళ్లిచూపులకు వచ్చినట్టు కూర్చుంటుందేమిటని చాటుగా నవ్వుకునేవాళ్లం.

కోటమ్మ అప్పట్లో పొదిలి వైపు నుంచి గుంటూరుకు మిర్చి పనికి వచ్చిన కూలీ. భర్త లేడు. చిన్న కూతుర్ని తల్లి దగ్గర వదిలి, పగలంతా కింద కూర్చుని కాయలకు ముచ్చికలు తీసేది. చలిజ్వరంతో, దగ్గుతో వచ్చింది. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి మీద చిన్న మసక కనిపించింది. రక్తపరీక్షలో సీఆర్పీ ఉండవలసిన దానికి ఎన్నో రెట్లు ఉంది. న్యుమోనియా అని మందులు మొదలుపెట్టాం. జ్వరం దిగింది, దగ్గు తగ్గింది, ముఖం తేటపడింది. ఇంటికి పంపేద్దామని నేను సంబరంగా చెబుతుంటే, మేడం మళ్లీ చేయించిన సీఆర్పీ కాగితం చూస్తున్నారు. అది ఏమాత్రం దిగలేదు.

"ఏమ్మా, ఇదేంటో కోటమ్మకు అర్థమయ్యేట్టు చెప్పు చూద్దాం," అన్నారు నాతో.

నేను పుస్తకంలో చదివింది చెప్పబోయి తడబడ్డాను. మేడం నన్ను కాసేపు అలాగే వదిలేసి, కోటమ్మ వైపు తిరిగారు. "ఒంట్లో ఎక్కడైనా కష్టం వస్తే కాలేయం ఒక ప్రోటీన్‌ను రక్తంలోకి వదులుద్ది కోటమ్మా. ఊళ్లో ఎవరిల్లో అంటుకుందని కేకలేసే మనిషనుకో. ఎవరిల్లో మాత్రం చెప్పడు. మనమే వీధి వీధీ తిరిగి చూసుకోవాలి." తర్వాత నాతో అన్నారు: "జ్వరం బిళ్లకు లొంగుద్ది. ఇది ఆ బిళ్లకు లొంగదు. లోపల ఇంకా ఎక్కడో కాలుతోంది. ఎక్కడికి పంపుతావు ఈమెను?"

నొప్పులేమైనా ఉన్నాయా అని కోటమ్మను మేమంతా అడిగాం. "నొప్పులేం లేవండీ, నన్ను పంపించండి, సీజను అయిపోతుంది," అనేది ప్రతిసారీ.

మర్నాడు మేడం ఆస్పత్రి వంటింటి నుంచి చేటలో ఎండుమిర్చి తెప్పించారు. మంచాల మధ్య చాప పరిపించి, తెల్లకోటు విప్పి నా చేతికిచ్చి, చీర సర్దుకుని కింద కూర్చున్నారు. వార్డంతా తుమ్ములు. "ఇదేం చోద్యం మేడం," అంటూ సిస్టరు కిటికీలు తెరిచింది. "రావే కోటమ్మా, నాతో కూర్చుని నాలుగు ముచ్చికలు తియ్యి. నేను మర్చిపోయానేమో చూద్దాం," అన్నారు మేడం.

కోటమ్మ నవ్వుతూ మంచం దిగింది. దిగడమే మంచం కోడు పట్టుకుని, నడుం వంచకుండా, కర్రలా దిగింది. కూర్చున్నాక ఒక చెయ్యి నేలకు ఆనించి, రెండో చేత్తోనే కాయలందుకుంది. మేడం కబుర్లు చెబుతూనే వెనక్కి చెయ్యి పోనిచ్చి, ఆమె వెన్నెముక మీద వేళ్లతో మెల్లగా తట్టారు. ఒకచోట కోటమ్మ కెవ్వుమంది.

"నొప్పి లేదన్నావుగా?"

"అది నొప్పేంటండీ? ముచ్చికలు తీసేదానికి నడుం లాగకపోతే ఎట్టా?"

"కాళ్లో?"

"తిమ్మిరెక్కుతున్నయ్యి. కింద కూర్చునేవాళ్లకి ఉండేదేగా."

మేడం ముఖంలో నవ్వు పోయింది. ఆ సాయంత్రమే స్కాన్ తీయించారు. వెన్నుపూసల మధ్య చీము పట్టి, కాళ్లకు వెళ్లే నరాల మీద ఒత్తుతోంది. ఇంకొన్నాళ్లు ఆగితే కాళ్లు పడిపోయేవి. సంగతి తెలిశాక కోటమ్మ ఏడవలేదు. మేడం చెయ్యి పట్టుకుని ఒకటే అడిగింది: "నడుస్తానా అండీ? నేను నడవకపోతే నా పిల్లకి ఎవరున్నారండీ?"

"నడుస్తావు. కానీ నేను పొమ్మనేదాకా ఇక్కడే పడుండాలి," అన్నారు మేడం. ఆ మాట అన్నంత ధైర్యం ఆవిడకు లేదని నాకు తెలుసు. బయటికొచ్చాక వరండాలో నన్ను ఆపారు. తర్వాత నెమ్మదిగా అన్నారు: "మా అమ్మదీ ఇదే కూలి. నొప్పి ఉందా అంటే ఎప్పుడూ లేదనే చెప్పేది. పనితో వచ్చినదాన్ని మావాళ్లు నొప్పని అనుకోరమ్మా. నీ ప్రశ్న సరైనదే. కానీ ఆ ప్రశ్నకు జవాబు వాళ్ల నోట్లో ఉండదు."

ఆపరేషన్ చేసి చీము తీశారు. వారాల తరబడి ఇంజెక్షన్లు నడిచాయి. సీఆర్పీ మెల్లమెల్లగా దిగుతూ వచ్చింది. అది మామూలుకొచ్చిన రోజున మేడం మొదటిసారి రిపోర్టును బోర్లా పెట్టలేదు. కోటమ్మకు చదవడం రాకపోయినా కాగితం ఆమె చేతికిచ్చి, "కేకలాగిపోయినయ్యి, లేచి నడువు," అన్నారు. గోడ పట్టుకుని కోటమ్మ వార్డు చివరిదాకా వెళ్లి, గోడ వదిలేసి తిరిగొచ్చింది. నేను ఏడ్చాను. నన్ను చూసి మేడం, "ఈ పిల్లకి కూడా సీఆర్పీ చేయించండి," అన్నారు.

ఇన్నేళ్ల తర్వాత ఈ ఉదయం, ఇక ఆగలేక కోటమ్మకు చెప్పేశాను. "మేడం లేరు కోటమ్మా. శ్రావణంలో పోయారు."

ఆమె గోడవారనున్న రెండో మూట వైపు చూసింది. తర్వాత దేన్నీ పట్టుకోకుండా, నడుం వంచి గోడవారన కింద కూర్చుంది. రెండో మూట ఒళ్లోకి తీసుకుని చెంగుతో కళ్లు తుడుచుకుంది. మిర్చి అంటిన చేతులు కావడంతో కళ్లు మరింత మండి, మండుతున్నాయని తనే నవ్వింది. మేడంకి ఇక చేరదు, మూట ఇంటికి పట్టుకెళ్లమన్నాను.

"ఎందుకమ్మా, ఇక్కడే ఉంచండి. నాబోటోళ్లు మీ దగ్గరికీ వస్తారుగా. నొప్పి లేదన్నోళ్లని కింద కూర్చోబెట్టి ముచ్చికలు తీయించండి," అంది.

ఆమె వెళ్లాక, పత్తి తీతకు వెళ్లే ఒకామె రిపోర్టు పట్టుకుని లోపలికొచ్చింది. కాగితం తీసుకుని చూసి, బల్ల మీద బోర్లా పెట్టాను. నర్సును చాప పరవమన్నాను.