ప్రెజెంట్ మేడం

బహదూర్‌పురాలో మా ప్రాథమిక పాఠశాలకు మొట్టమొదటి కంప్యూటర్ వచ్చినప్పుడు దానికో గది కేటాయించాం. పిల్లలు చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళాలి. దసరాకు బొట్టు పెట్టి దండ వేశాం. మిగతా ఏడాదంతా దుమ్ము పడకుండా దుప్పటి కప్పి ఉంచాం. అది పాడయిందని మళ్ళీ దసరాకు గానీ తెలియలేదు. తర్వాత టీవీ పాఠాలు వచ్చాయి. టీవీలో మాస్టారు ప్రశ్న అడిగి, మా పిల్లలు నోరు తెరిచేలోపు తనే జవాబు చెప్పుకుని ముందుకు పోయేవారు. వచ్చిన ప్రతి పెట్టెకూ చప్పట్లు కొట్టిన దాన్నే నేను. ఇప్పుడు చేతులు రావడం లేదు.

ఒక పిల్ల మూడో తరగతిలో నా దగ్గరే చదవడం మొదలుపెట్టింది, అక్షరం కింద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ. నేను అందరికీ అలాగే నేర్పుతాను. కాస్త గాడిలో పడుతుండగా కరోనా వచ్చి బడి మూతబడింది. పాఠాలు ఫోన్లోకి వెళ్ళాయి. వాళ్ళింట్లో ఉన్నది ఒక్కటే ఫోను, అదీ ఆటో నడిపే తండ్రి జేబులో. అయినా రోజూ మా గ్రూపులో అందరికంటే ముందు ఆ పిల్ల పేరు మీదే ‘ప్రెజెంట్ మేడం’ అని వచ్చేది. ఎంత మురిసిపోయానో!

బడి తెరిచాక అసలు సంగతి తెలిసింది. ఆ మెసేజి పెట్టింది తండ్రి, జూ దగ్గర ఆటో స్టాండులోంచి. హాజరు పడితే చదువు అయినట్టేనని నమ్మాడు. పిల్ల ఒక్క పాఠమూ చూడలేదు.

“ఒక్క దినం గూడ నాగా పెట్టలే మేడం. సవారీ ఉన్నా బండి ఆపి మరీ పెట్టిన,” అన్నాడు గర్వంగా.

ఐదో తరగతి బెంచీ మీద కూర్చున్న పిల్లకు మూడో తరగతి వాచకం మళ్ళీ మొదటి నుంచి పట్టించాను. వేలు మెల్లగా కదిలింది. గొంతూ లేచింది. సరిగ్గా అప్పుడే ముట్టుకుంటే పనిచేసే పెద్ద తెర ఒకటి మా గోడకెక్కింది. మొదటి రోజు చదవడానికి నేను ఆ పిల్లనే పంపాను. అలవాటుగా మొదటి మాట కింద వేలు పెట్టి జరిపింది. పేజీ సర్రున జారిపోయింది. కొత్త పేజీ మీద వేలు పెట్టింది. అదీ పోయింది. తరగతంతా ఘొల్లున నవ్వింది.

“వేలు తియ్యి బేటా, ఊకె ముట్టకు,” అన్నారు మా హెడ్మాస్టరు.

వేలు తీస్తే ఆ పిల్లకు చదవడం రాదు.

మర్నాటి నుంచి బడికి రాలేదు. వాళ్ళింటికి వెళితే గోడవైపు తిరిగి, “నేను రాను మేడం, అందరు నవ్వుతున్రు,” అంది. ఎంత బతిమాలినా ఇటు తిరగలేదు. తండ్రి నన్ను గుమ్మం దాకా సాగనంపుతూ, “ఫికర్ జేయకుండ్రి మేడం, నేను చూస్కుంట,” అన్నాడు. ఆ మాటే పట్టుకుని ఇంటికి వచ్చాను.

ఇవాళ పొద్దున తరగతిలో హాజరు తీస్తుండగా నా ఫోను మోగింది. కరోనా నాటి గ్రూపు, ఇప్పుడు ఎవరూ తెరవనిది. అందులో ఆ పిల్ల పేరు మీద, ‘ప్రెజెంట్ మేడం.’

ఇన్నేళ్ళ నౌకరీలో ఇంతగా ఓడిపోయినట్టు ఎప్పుడూ అనిపించలేదు. తలెత్తి చూశాను. బెంచీ చివర ఆ పిల్ల చోటు ఖాళీగానే ఉంది.