తాళాలాయన ఆర్డరు చెప్పిన విధంబెట్టిదనిన

హోటలు బల్ల చుట్టూ కూర్చున్న ఏ కుటుంబంలోనైనా రెండు జాతుల మనుషులుంటారు. తామేం తినాలో తెలియనివాళ్ళు ఒక జాతి. పక్కవాళ్ళేం తినాలో తెలిసినవాళ్ళు రెండో జాతి. తాళాలాయన రెండో జాతిలో అగ్రగణ్యుడు.

ఆ ఇంట్లో ఆర్డరు చెప్పే అధికారం పదకొండేళ్ళుగా ఆయనదే. మిగతా అధికారాలు, అంటే కిటికీ తెరలకి ఏ రంగు, చుట్టాలింటికి ఎవరు, టీవీలో ఏ చానెలు వగైరా, ఒక్కొక్కటే ఆయన చేతిలోంచి జారి భార్యకో, కూతురికో దఖలు పడ్డాయి. ఆయన చిన్నబుచ్చుకోలేదు. రాజ్యం పోయినా కోట మిగిలింది కదా అనుకున్నాడు. మంచినీళ్ళ గ్లాసులు వచ్చి, సర్వరు ఇంకా రాని ఆ రెండు నిమిషాల్లో ఆయన చక్రవర్తి.

ఆ చక్రవర్తి మెనూ చదవడు. వంటగది వింటాడు.

దీని వెనక ఇరవయ్యారేళ్ళ తపస్సుంది. ఆయన కొట్టు ఒక పాత మేడ మెట్ల కింద ఉంది. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. గోడనిండా మేకులకి వేలాడే తాళంచెవులు, మధ్యలో ఒక ముక్కాలిపీట, పీట మీద ఆయన. ఆ గోడకి అవతల ఒక భోజన హోటలు వంటగది. తాళంలో సన్నటి ఇనుప పుల్ల పెట్టి, లోపలి మీటలు ఒక్కొక్కటే లేచే ‘టిక్కు’ కోసం ఎడమ చెవి ఒగ్గి కూర్చుంటే, ఖాళీగా ఉన్న కుడి చెవి ఏం చేస్తుంది? గోడని విన్నది. తాళానికి చెవి ఉందని భాష ఎప్పుడో ఒప్పుకుంది. తాళాలాయనకి ఉందని ఇంటివాళ్ళు ఒప్పుకోవడానికే ఆలస్యమైంది.

నూనె కాగకముందే ఉల్లిపాయ వేస్తే అది మూలుగుతుంది. కాగాక వేస్తే చుయ్యిమని కేక పెడుతుంది. సూపు సలసల మరుగుతోందంటే వంటవాడికి తొందర. తుకతుక ఉడుకుతోందంటే మనసు పెట్టాడు. కత్తి టకటకా ఒకే వరసలో పడితే కూరలు తాజావి. ఆగి ఆగి పడిందా, కుళ్ళినవి ఏరుతున్నాడు. బంగాళాదుంప ముక్కలు రెండోసారి నూనెలో పడ్డప్పుడు గవ్వలు కలిపినట్టు గలగలమంటాయి. అప్పుడే అడగాలి, నిమిషం ముందు కాదు.

పదకొండేళ్ళ కిందట ఒక హోటల్లో ఆయన తల ఓరగా వంచి, “ఇవాళ చేప వద్దు. నూనె నిన్నటిది, నురగ చప్పుడొస్తోంది” అన్నాడు. మావగారు ఆ మాట వినలేదు. ఆ తర్వాత మూడు రోజులు మావగారి మాటా ఎవరికీ సరిగ్గా వినపడలేదు, మధ్యలో స్నానాలగది తలుపు అడ్డం ఉండటాన. నాలుగో రోజున, పల్చటి గంజి ముందు కూర్చుని, ఇక మీదట ఆర్డరు అల్లుడే చెప్పాలని ఆయన శాసించాడు.

అయితే ఏ పాలనలోనూ అసంతృప్తులు లేకుండా ఉండరు. తాళాలాయన చెవికి పక్కాగా తెలిసిన వంటకాలు నాలుగే: సూపు, చేప వేపుడు, కాల్చిన కోడి, రెండుసార్లు వేయించిన బంగాళాదుంప. పదకొండేళ్ళుగా ఆ ఇల్లు ఏ హోటలుకి వెళ్ళినా ఆ నాలుగే తింది. ఈ విషయాన్ని తిరుగుబాటు జెండాగా ఎత్తినవాడు భార్య తమ్ముడు, అనగా బావమరిది. కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాడు. కంటికి కనపడనిది ఏదీ నమ్మడు. ఫోనులో ఫొటోలు చూసి, ఎంతమంది ఎన్ని స్టార్లిచ్చారో లెక్కగట్టి గానీ మంచినీళ్ళు కూడా తాగడు.

ఆ ఆదివారం కూతురి విందు. పిల్ల పెద్ద బస్సు నడిపే లైసెన్సు సంపాదించింది. బట్టల దుకాణం పైన, మూడో అంతస్తులో కొత్తగా తెరిచిన హోటల్లో అందరికీ మధ్యాహ్న భోజనం తానే పెట్టిస్తానంది. మెట్లెక్కుతుండగా రెండో అంతస్తు దగ్గర బావమరిది ఆగాడు.

“బావా, ఒక మాట. ఇవాళ కూడా ఆ నాలుగేనా?”

“బావుంటే నాలుగు. బాగోకపోతే మూడు.”

“అదిగో! అక్కా, చూశావా? ఈయన చెవికి తెలిసిన నాలుగు ముక్కల కోసం మనం పదకొండేళ్ళుగా నోరు కట్టుకున్నాం. ఇవాళ తేల్చేద్దాం. నీ ఆర్డరు భేషుగ్గా ఉందనుకో, ఇక జన్మలో నోరెత్తను. తేడా వచ్చిందా, ఇవాళ్టినుంచి ఆర్డరు నాది.”

“తిండి దగ్గర పందేలేమిట్రా?” అంది అక్క.

“పందెం కాదమ్మా, ఎన్నికలు” అంది కూతురు. “తీర్పు నేను చెప్తాను.”

“నువ్వు మీ నాన్న వైపు మొగ్గుతావు.”

“మొన్ననే ఇన్‌స్పెక్టరుని పక్కన కూర్చోబెట్టుకుని ఊరంతా బస్సు తిప్పాను మావయ్యా. ఎటూ మొగ్గను. తిన్నగా పోతాను.”

తాళాలాయన చెవిని చూపుడు వేలితో ఒకసారి తుడుచుకున్నాడు, యోధుడు కత్తిని తుడుచుకున్నట్టు.

లోపలికి అడుగుపెట్టగానే ఆయన ఉన్నచోటే ఆగిపోయాడు. వంటగదికి గోడ లేదు. నిలువెత్తు అద్దం ఉంది. అద్దం వెనక అరడజను మంది వంటవాళ్ళు, ఎగిసిపడే మంటలు, ఎగిరే మూకుళ్ళు. చప్పుడు మాత్రం చుక్క కూడా బయటికి రావడం లేదు. తొట్టిలో చేపలు నోరు తెరిచి మూసినట్టు వాళ్ళు లోపల ఏవో అరుచుకుంటున్నారు. అది చాలదన్నట్టు పైకప్పులోంచి సన్నాయో పియానోయో తేలని సంగీతం ఒకటి కారుతోంది. కంటికి తెరిచి, చెవికి మూసిన వంటగదిని ఆయన జన్మలో చూడలేదు.

బావమరిది మాత్రం మురిసిపోయాడు. “అన్నీ కనపడుతున్నాయి బావా! హాయిగా ఉంది కదూ?”

పదహారు పేజీల మెనూ వచ్చింది. బావమరిది ఫోను తీశాడు. “వేయించిన పుట్టగొడుగులు, మీగడతో. నాలుగు పాయింటు ఏడు! ఫొటో చూడు, ఎట్లా నిగనిగలాడుతున్నాయో. నేనైతే కళ్ళు మూసుకుని ఇదే చెప్తా.”

“నువ్వు కళ్ళు మూసుకోవడం ఎప్పుడూ చూడలేదు మావయ్యా” అంది కూతురు.

సర్వరు వచ్చి నిలబడ్డాడు. “ఆర్డరు సార్?”

“ఐదు నిమిషాలు” అని తాళాలాయన లేచాడు. “చేతులు కడుక్కొస్తా.”

“ఇప్పుడేగా కడుక్కున్నారు?” అంది భార్య.

“మళ్ళీ మురికయ్యాయి.”

ఆయన అద్దం వెంబడి మూల దాకా నడిచాడు. అక్కడ ఒక స్టీలు తలుపు. అటూ ఇటూ చూసి, చెంప ఆ తలుపుకి ఆనించి, ఒక కన్ను మూసి, వేళ్ళ కొసలు రేకు మీద మెత్తగా పరిచాడు. తాళంచెవి పోయిన బీరువాలని ఆయన తెరిచే భంగిమ అది. ఇరవయ్యారేళ్ళుగా అలవాటైన భంగిమ కాబట్టి కడు సహజంగా వచ్చింది. అంత సహజంగా రాకుండా ఉంటే బాగుండేది. ఎందుకంటే అటుగా వచ్చిన మేనేజరుకి, ఆ దృశ్యం చూస్తే ఏ మేనేజరుకైనా కలిగే అభిప్రాయమే కలిగింది.

“ఏం చేస్తున్నారు?”

“వింటున్నా.”

“ఏం వింటున్నారు?”

“చేప.”

మేనేజరు ఒక అడుగు దగ్గరికి జరిగాడు. “అసలు మీరేం పని చేస్తుంటారు?”

“తాళాలు తెరుస్తుంటా” అన్నాడు తాళాలాయన, అబద్ధం అలవాటు లేక.

మేనేజరు ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. ఇంటిల్లిపాదీ పరిగెత్తుకొచ్చింది. “పరువు తీశారు కదండీ!” అంది భార్య. బావమరిది, ఎంత ప్రతిపక్షమైనా రక్తసంబంధం కనక, మేనేజరుకి అడ్డం నిలబడ్డాడు. “మా బావ దొంగ కాదండీ. పిచ్చివాడు, అంతే.”

ఆ గలభాకి స్టీలు తలుపు తెరుచుకుంది. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచిన ఒక నిండైన మనిషి గరిటెతో సహా గుమ్మంలో నిలబడింది. ఆ హోటలుకి పెద్ద వంటావిడ. “ఏమిటీ గోల? లోపల మనుషులు పనిచేస్తున్నారా, సంత జరుగుతోందా?”

తాళాలాయన ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆవిడ నడుం మీద చెయ్యి వేసుకుని విన్నది.

“చెవితో! ముప్ఫయ్యేళ్ళుగా వండుతున్నా, నా వంటని నాలికతో తిట్టినవాళ్ళున్నారు గానీ చెవితో ఎవరూ మెచ్చుకోలేదు. సరే, లోపలికి రండి. పొయ్యిలకి వీపు పెట్టి నిలబడండి. ఏ పొయ్యి మీద ఏముందో చెప్పండి. చెప్పారా, మీ ఆర్డరు నేనే స్వయంగా వండుతా. చెప్పలేదా, ఇంకో హోటలు చూసుకోండి.”

కూతురి మొహం చూశాడు తాళాలాయన. పిల్ల తల ఊపింది, సిగ్నలు పచ్చబడ్డట్టు.

ఆయన లోపలికి వెళ్ళి, పళ్ళేల బీరువా వైపు తిరిగి నిలబడి, కళ్ళు మూసుకున్నాడు. మిగతా కుటుంబం గుమ్మంలో ఒకరి భుజం మీదుగా ఒకరు తలలు పెట్టింది. చప్పుళ్ళు ఒక్కసారిగా వానలా వచ్చి మీద పడ్డాయి.

“ఐదు పొయ్యిలు. ఆ చివర సూపు. తుకతుకమంటోంది, మనసు పెట్టినవాళ్ళు చేస్తున్నారు. దాని పక్కన చేప. ఇంకో అర నిమిషంలో తిరగెయ్యాలి. మూడోది బంగాళాదుంప, రెండో వేపు.”

వంటావిడ గరిటె దించింది.

“నాలుగోది... వేపుడని పెట్టారు గానీ వేగడం లేదమ్మా. మూకుడు నిండా కిక్కిరిసిపోయి, నీళ్ళొదిలి ఏడుస్తున్నాయి. అవేమిటో గానీ ఉడికిపోతున్నాయి. ఐదోదాని మీద ఏమీ లేదు. ఉత్త పెనం కాలుతోంది, గ్యాసు దండగ.”

ఆవిడ గిరుక్కున తిరిగింది. “పుట్టగొడుగులు ఇన్నేసి ఒక్కసారే పొయ్యొద్దని ఎన్నిసార్లు చెప్పాలర్రా! ఆ పెనం ఎవరిది?”

గుమ్మంలో బావమరిది ఫోను వంక చూసుకున్నాడు. నాలుగు పాయింటు ఏడు ఇంకా నిగనిగలాడుతూనే ఉంది. మెల్లగా జేబులో పెట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడు గది వెనక మూల నుంచి ఒక చప్పుడొచ్చింది. టక్. టక్. కాస్సేపు ఆగి, ఠప్.

తాళాలాయన తల ఓరగా అటు వంగింది. ఆ చప్పుడు ఆయనకి అణువణువూ తెలుసు. మొండికేసిన పాత తాళం ఆఖరికి లొంగే చప్పుడు. కాని అది వంటగదిలో ఎందుకుంది?

“అదేమిటి?” అన్నాడు కళ్ళు తెరవకుండానే.

“మీరే చెప్పాలి” అంది వంటావిడ.

“తెలియదు.”

హోటల్లో ఆయన నోట ఆ మాట రావడం పదకొండేళ్ళలో ఇదే మొదలు. భార్య నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

వంటావిడ మాత్రం మొదటిసారి నవ్వింది. “ఉప్పు గుల్లలో చేప. ఉప్పులో గుడ్డు తెల్లసొన కలిపి చేప చుట్టూ గోడలా కడతాం. ఓవెన్లో కాలిస్తే రాయవుతుంది. సుత్తితో పగలగొట్టి తియ్యాలి. మెనూలో ఆఖరి పేజీలో ఉంది గానీ ఎవరూ అడగరు. మా వాళ్ళ భోజనానికి మేమే చేసుకుంటాం.”

బావమరిది ఫోను మళ్ళీ తీశాడు. “ఒకటి పాయింటు తొమ్మిది. ‘సున్నం ముద్ద’ అని రాశాడొకడు.” ఆ తర్వాత గొంతు తగ్గించాడు. “బావా, తొందరపడకు. పరీక్ష నెగ్గావు. ఆ నాలుగూ చెప్పుకో, గండం గడుస్తుంది. రుచి తెలియనిదాని మీద అధికారం ఒడ్డుతావా?”

న్యాయమైన సలహా. శత్రువు ఇచ్చినా న్యాయమే. తాళాలాయన ఒక్క క్షణం ఆలోచించాడు. తెరుచుకున్న తాళం లోపల ఏముందో చూడకుండా ఆయన ఏ ఇంటి నుంచీ తిరిగి వచ్చి ఎరగడు.

“అదే ఇవ్వండి” అన్నాడు. “పెద్దది.”

ముప్పావుగంట పట్టింది. ఈలోగా బల్ల దగ్గర ఎవరి ప్రాణం వాళ్ళ చేతిలో లేదు. ఆఖరికి పళ్ళెం వచ్చింది. తెల్లగా, బుర్రంత ఎత్తున, మొహం లేని ఒక దిబ్బ.

“దీన్ని తినాలా, గోడకి పుయ్యాలా?” అంది భార్య.

వంటావిడ స్వయంగా వచ్చి చిన్న సుత్తి తాళాలాయన చేతిలో పెట్టింది. “మీ విద్యేగా, మీరే తెరవండి.”

ఆయన పళ్ళెం మీదికి వంగి, చెవి ఆ దిబ్బకి ఆనించి, సుత్తి కొసతో మెల్లగా కొట్టుకుంటూ పోయాడు. పక్క బల్లలవాళ్ళు తినడం ఆపి చూస్తున్నారు. “ఇక్కడ మందం... ఇక్కడా మందమే... ఆ, ఇక్కడ డొల్ల.” టక్. టక్. ఠప్. ఒక్క పెళ్ళ రాలకుండా దిబ్బ నిలువునా రెండుగా విచ్చుకుంది. లోపలి నుంచి గుప్పున ఆవిరి. ఆవిరి కింద మెరుస్తూ, మెత్తగా, పొర పొరగా విడిపోతున్న చేప.

అన్ని కళ్ళూ కూతురి మీదికి తిరిగాయి. గుల్లంతా ఉప్పే. లోపలిది నోట పెట్టలేనంత ఉప్పగా ఉంటే పదకొండేళ్ళ సామ్రాజ్యం అక్కడితో సరి. పిల్ల ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. నమిలింది. రెండో ముక్క తీసుకుంది. మూడోది తీసుకుంది.

“తీర్పు?” అన్నాడు బావమరిది, ఆగలేక.

“ఉండు మావయ్యా, సాక్షులు ఇంకా మిగిలున్నారు” అని నాలుగో ముక్క తీసుకుంది.

ఇక మర్యాదలు లేవు. నాలుగు చేతులు ఒక్కసారే పళ్ళెంలో పడ్డాయి. “అయ్యో, ఇంత కమ్మగా ఉందేమిటండీ! ఉప్పు సరిగ్గా సరిపోయింది!” అని భార్య పదకొండేళ్ళలో మొదటిసారి హోటల్లో మొగుణ్ణి మెచ్చుకుంది. ఈసారి చిన్న మూకుళ్ళో పల్చగా పరిచి వేయించిన పుట్టగొడుగులు కూడా వంటావిడ ఊరికే పంపింది. తాళాలాయన ఒకటి నోట్లో వేసుకుని, “నీ స్టార్లు అబద్ధం కాదోయ్” అన్నాడు.

బావమరిది అప్పటికే చేప మీద పడ్డాడు. తల వైపు నుంచి మొదలుపెట్టి తోక దాకా వచ్చాడు. పళ్ళెంలో వెన్నెముక తప్ప ఏమీ లేనప్పుడు వేళ్ళు తుడుచుకుని, గొంతు సవరించుకుని, ఎటో చూస్తూ అడిగాడు.

“బావా, తర్వాత ఏం చెబుదాం?”

ఓటమి పత్రం మీద ఇంతకంటే స్పష్టంగా ఎవరూ సంతకం పెట్టలేరు. బల్ల దగ్గర అందరికీ అది అర్థమైంది. తాళాలాయన సుత్తిని పళ్ళెం పక్కన పెట్టి, కుర్చీలో వెనక్కి వాలాడు.

“ఐస్‌క్రీము కదా. దానికి చప్పుడుండదోయ్. అది నువ్వే చెప్పు.”

బావమరిది చటుక్కున ఫోను తీశాడు. తీసి, కాసేపు చూసి, దాన్ని బల్ల మీద బోర్లా పెట్టి, ఐస్‌క్రీములున్న అద్దాల పెట్టె దగ్గరికి తానే లేచి వెళ్ళి, ముక్కు అద్దానికి ఆనేటంత దగ్గరగా వంగి చూశాడు.