తపసి చెట్లు పెంచిన మా సమ్మన్న

నిన్న పొద్దున ఫోన్ మోగితే, సమ్మన్న బిడ్డ లక్ష్మి నంబర్ చూసి నవ్వుకుంటూనే ఎత్తాను.

వాళ్ల గూడెంలో సిగ్నల్ ఉండదు, గుట్టెక్కి చేయాలి. ఆదివారం ప్రోగ్రామ్ గురించే అయ్యుంటుంది అనుకున్నాను.

"కాకా, బాపు పోయిండు" అంది.

ఏ బాపు అని అడిగాను. నిజంగానే అడిగాను. నాలుగు రోజుల కింద నాతో ఫోన్లో జోకులేసిన మనిషి పోయాడంటే బుర్రకు ఎక్కలేదు.

రాత్రి తిని పడుకున్నాడట. తెల్లారి లేవలేదట.

అంతే.

మీలో చాలామందికి సమ్మన్న తెలియదు. భూపాలపల్లి అవతల అడవిలో కోయ గూడెం వాళ్లది. స్టేషన్ ఘన్‌పూర్‌లో మా అబ్బా, అంటే మా నాన్న, నాడి చూసి యునానీ మందులు చేసిచ్చేవారు, వాటికి కావాల్సిన తపసి బంక సమ్మన్న తెచ్చేవాడు. తపసి చెట్టు బెరడు మీద గాటు పెడితే జిగురు కారి గట్టిపడుతుంది, అదే బంక. ఎండాకాలం గూడెంలో పొయ్యి వెలిగేది దాని మీదే.

గాటు బెరడు దాటకూడదు. కానీ ఇంకా ఎక్కువ కారాలని గొడ్డలితో లోపలి కట్టె దాకా నరికేవాళ్లు. చెట్లు వరసగా చచ్చిపోయాయి.

ఎవరు నరికారన్నా అని ఒకసారి అడిగితే "నేనే సంపిన తమ్మీ" అన్నాడు. వయసులో ఉన్నప్పుడు తనూ అట్లాగే నరికాడట. ఏ మొహమాటం లేకుండా చెప్పాడు.

అందుకే, పన్నెండేళ్ల కింద, తెలంగాణ ఉద్యమం మళ్లీ రాజుకుంటున్న రోజుల్లో, తన జొన్న చేను సగం తీసి తపసి విత్తనం పెట్టాడు. ఆ కాయల మీద నూగు తగిలితే ఒళ్లంతా మంట. చేతులకు గోనెసంచి చుట్టుకుని ఒలిచాడు. ముత్తమ్మ వదిన ఆ ఏడాదంతా తిడుతూనే ఉంది.

ఇక మొదటి ఎండాకాలం నేను చేసిన ఘనకార్యం.

సమ్మన్న మహబూబాబాద్‌లో చుట్టాలింటికి పోయిన టైమ్‌లో వెళ్లాను. మొక్కలకు ఒక్క ఆకు లేదు, అన్నీ పుల్లలే. అయ్యో పాపం, చచ్చిపోయాయి, చూస్తే మనిషి తట్టుకోలేడు అని నాకు నేనే డిసైడ్ అయ్యి, ఒక వరస మొత్తం పీకి కుప్ప పెట్టాను. పైగా హెల్ప్ చేస్తున్నానన్న ఫీలింగ్ ఒకటి.

సాయంత్రం ఆయన వచ్చి కుప్ప చూశాడు. కింద కూర్చుని ఒక పుల్లను గోటితో గీకాడు. లోపల పచ్చగా ఉంది.

ఎండలకు తపసి ఆకు రాల్చి ఊరికే నిలబడుతుందని నాకు అప్పుడు తెలిసింది.

"మీ నాయిన నాడి పట్టి సూసినంక చెప్తడు. నువ్వు సూడకుంటనే చెప్పేసినవ్" అన్నాడు.

చీకటి పడేదాకా ఇద్దరం మళ్లీ పాతి, కుండతో నీళ్లు పోశాం. వానలకు కొన్ని చిగురించాయి, కొన్ని చిగురించలేదు. ఆ చిగురించనివి ఇప్పటికీ నన్ను గుచ్చుతాయి.

గూడెంలో మాత్రం నా పరువు గోవిందా. నేను కనిపిస్తే చాలు, ఈయన ముందల కునుకు తీయకుండ్రి, సచ్చిండ్లని పీకేస్తడు అని అందరికీ చెప్పి నవ్వించేవాడు.

రెండేళ్ల కింద సకల జనుల సమ్మె రోజులు మీకు గుర్తే కదా. బస్సుల్లేవు, మా మందుల షాపు మూత, గూడెంలో గింజలు అడుగంటాయి. బండి మీద ఒక బేరగాడు వచ్చి ఏ బంకైనా కొంటానన్నాడు. పోరగాళ్లు గొడ్డళ్లు పట్టుకుని ఆ లేత చెట్ల దగ్గరికే పోయారు.

సమ్మన్న వాళ్లను ఇంటికి తీసుకెళ్లి, ఉన్న జొన్నలన్నీ ముందు కుమ్మరించి పంచుకోమన్నాడు. ఇంకో రెండేండ్లు ఆగమని బతిమాలాడు. వాళ్లు గొడ్డళ్లు దించారు.

ఉద్యమం అంటే ఆయనకు ప్రేమ లేక కాదు. రోడ్డు మీద వంటావార్పులో మాతో కూర్చుని తిన్నాడు. రాష్ట్రం వస్తే మీ అడవి మీదే అని అక్కడ ఎవరో అంటే, "వచ్చేదాంక చెట్లు ఉండాలె గద" అన్నాడు.

ఆ రెండేళ్లు ఈ ఎండాకాలానికి నిండాయి. చెట్లు గాటుకు వచ్చాయి. ఈ ఆదివారం తొలి గాటు ఆయన చేత్తో పడాలి.

నాలుగు రోజులు ఆగలేకపోయావా అన్నా.

నిన్న సాయంత్రం మట్టి చేసి వచ్చాక, ఆదివారం వద్దు, ఈ ఏడాదికి ఆపేద్దాం అన్నారు పెద్దమనుషులు. నేనూ అదే అన్నాను. గోడకు ఆనుకుని కూర్చున్న ముత్తమ్మ వదిన తలెత్తింది.

"ఆయన తన కోసం పెట్టుకున్నడా చెట్లు? గాటు పెట్టుండ్రి. బెరడు దాటకుంట పెట్టుండ్రి."

పెద్దమనుషులు ఆదివారమే ఖాయం చేశారు.

ఆదివారం లక్ష్మి పెడుతుంది. నేను వెళ్తున్నాను.

సమ్మన్నా, నువ్వంటే నాకు చాలా ప్రేమ. ఒక్కసారి కూడా చెప్పలేదు.

పోయిరా అన్నా. నీ పానం నిమ్మళంగ ఉండాలె.