మా అమ్మాయి మెట్లెక్కే చప్పుడు

సినిమాల్లో ఎవరు నడిచినా ఆ అడుగుల చప్పుడు చాలాసార్లు నాదే. షూటింగులో అది సరిగ్గా రికార్డవదు. అందుకని ఫిల్మ్‌నగర్‌లో ఒక స్టూడియోలో తెర ముందు నిలబడి, ఇసుక మీదో బండ మీదో వాళ్ళతోపాటు నేనూ నడుస్తాను. హీరోయిన్ పట్టీలు పెట్టుకుని నడిచాను, విలన్ బూట్లేసుకుని నడిచాను. చప్పుడు వింటే చాలు, మెట్ల మీద ఎవరొస్తున్నారో చెప్పేస్తానని ఇంట్లో నాకు కాస్త పొగరు కూడా.

ఇప్పుడు కంప్యూటర్లో మీట నొక్కితే వెయ్యి రకాల అడుగులు వస్తున్నాయి. నెలలో సగం రోజులు నాకు పని లేదు. బెంగపడి, ఏడో తరగతిలోనే మా అమ్మాయిని ఇంజనీరింగ్ ఎంట్రన్స్ కోచింగ్‌లో వేశాను. బడి అయ్యాక రోజూ మూడు గంటలు.

“ఇంత చిన్నప్పుడే ఎందుకండీ?” అంది మా ఆవిడ.

“నాలాగా కాళ్ళరగదీసుకుని బతకమంటావా?” అని ఆవిడ నోరు మూయించాను.

కొన్నాళ్ళకి ఒక సినిమా పని వచ్చింది. అందులో పింఛను కోసం తిరిగి తిరిగి ఆశ వదులుకున్న ముసలాయన మేడ మెట్లెక్కి వస్తుంటాడు. ఆయన తెర మీద కనిపించడు. లోపల కూర్చుని వింటున్న భార్య ముఖమే కనిపిస్తుంది. రెండుసార్లు నడిచాను. “మోకాళ్ళ నొప్పి వినిపిస్తోందండీ, మనసు వినిపించట్లేదు,” అన్నాడు దర్శకుడు.

మూడోసారి ఏమీ ఆలోచించకుండా నడిచాను. బరువుగా నాలుగు మెట్లు, మలుపు దగ్గర కాసేపు ఆగడం, మళ్ళీ కాలీడ్చుకుంటూ నాలుగు.

మా రికార్డింగ్ ఇంజనీరు హెడ్‌ఫోన్ తీసి, “కిరాక్ ఉంది అన్నా. గీ నడక ఏడ పట్టినవ్?” అన్నాడు.

చెప్పబోయి ఆగిపోయాను. అది మా అమ్మాయి నడక. ఒకప్పుడు రెండేసి మెట్లు దూకుతూ వచ్చే పిల్ల, కోచింగ్ నుంచి వస్తూ మెట్లెక్కే నడక. నా చెవి దాన్ని పట్టుకుంది, దాచుకుంది, పనికి వాడేసుకుంది. పన్నెండేళ్ళ పిల్ల నడక ముసలాయనకి అతికినట్టు సరిపోయింది. సిగ్గేసింది నాకు.

ఆ సాయంత్రం యూసుఫ్‌గూడలో మా ఇంటి మెట్ల మలుపులో మా అమ్మాయి కోసం కూర్చున్నాను. వచ్చింది.

“ఇక్కడ కూర్చున్నావేంటి నాన్నా?”

“రోజూ నువ్వు ఇక్కడ ఆగుతావు కదా. ఎందుకమ్మా?”

“కళ్ళు తుడుచుకోడానికి,” అంది. “నువ్వు చూస్తే బాధపడతావని.”

బ్యాగు తీసుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాను. లెక్కలు వస్తాయట. కానీ ఒకటి అర్థమయ్యేలోపే ఇంకోటి చెప్పేస్తారట. రేపట్నుంచి కోచింగ్‌కి వెళ్ళొద్దన్నాను.

“మరి పెద్దయ్యాక నేనేం చెయ్యాలి?”

అది నా భయమే, నా నోటి మాటే. “నాకూ తెలీదమ్మా,” అన్నాను. “ముందు ఏదైనా అర్థమయ్యేదాకా నింపాదిగా నేర్చుకో.”

సినిమా విడుదలయ్యాక ముగ్గురం వెళ్ళాం. ఆ నడక సంగతి నేను ఇంట్లో చెప్పలేదు. ముసలాయన మెట్లెక్కడం మొదలవగానే మా అమ్మాయి పాప్‌కార్న్ తినడం ఆపి వింది. మలుపు దగ్గర అడుగులు ఆగగానే నా చెవి దగ్గరికి వంగింది.

“నాన్నా, అది నేనే కదా?”

“అవునమ్మా,” అన్నాను.

“ఇప్పుడు అలా నడవట్లేదులే,” అని నా చెయ్యి పట్టుకుంది.