జనుము కింద నేల

మా మావయ్యకి గడ్డి అంటే పడదు. పడదంటే ఏదో చిరాకు కాదు, జన్మవైరం. బిలాస్‌పూర్ రైల్వేలో గ్యాంగుమేటుగా, అంటే పట్టాలు చూసుకునే జట్టుకి పెద్దగా పనిచేసి రిటైరైన మనిషి. తన లైనులో కంకర సందున ఒక్క పోచ కనబడినా, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన ఆఫీసరు ముందు తల దించుకోవాలి. "పట్టాల మీద గడ్డి మొలిస్తే మేటు మొకం మీద మొలిసినట్టే" అనేవారు. ఆ అలవాటు తార్‌బహార్ పేటలోని మా ఇంటికీ వచ్చింది. విజయనగరం పక్క పల్లె నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో నేను కుండీలో కొత్తిమీర వేసుకుంటే, పొద్దున్నే లేచి గడ్డి అనుకుని శుభ్రంగా పీకేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. కొత్త కోడలిని కాబట్టి నోరు మూసుకున్నాను, లేకపోతే మా యుద్ధం ఆ రోజే మొదలయ్యేది.

అది పొలం దగ్గర మొదలైంది. ఎనభైల చివర, రిటైరయ్యాక ఆయన మస్తూరీ రోడ్డులో కొంచెం మెట్ట కొన్నారు. చుట్టూ అందరివీ వరి మళ్ళు. మాది మాత్రం ఎత్తున ఉంది, నీళ్ళు నిలవవు. అందుకని నువ్వు పంట వేద్దామన్నారు. నువ్వుల నూనె లేనిదే మా అత్తకి ముద్ద దిగదు, ఆవిడ సంబరానికి అంతు లేదు. సదర్ బజార్ కొట్లో కొనే నూనె మీద ఆవిడకి ఏనాడూ నమ్మకం లేదు మరి.

వరసగా రెండేళ్ళు ఆ పొలం తుంగ పాలైంది. తుంగ ఎలాంటిదో తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. పైన పీకితే కింద గడ్డ ఉంటుంది, ఆ గడ్డ ఇంకో నాలుగు పిలకలు వేస్తుంది. మావయ్య పాత గ్యాంగువాళ్ళని పిలిచి, పారలు పట్టించి, నేలంతా చెక్కించి, చెత్త కుప్ప పోసి తగలబెట్టించారు. పొలం అద్దంలా తయారైంది. దాని మీద యూరియా చల్లారు, లైను మీద కంకర పరిచినట్టు, ఎక్కడా ఎక్కువతక్కువ లేకుండా. చూడ్డానికి ఎంత బాగుందో! వాన పడేసరికి ఆ నున్నటి నేల మీద తుంగ పచ్చగా, జాతరలా లేచింది. నువ్వు మొక్క మొదటి నెల బద్ధకంగా ఎదుగుతుంది. అది కళ్ళు నులుముకునేలోపే తుంగ తొలి బంతిలో కూచుని, వడ్డించిందంతా తినేసి లేచింది. మా నువ్వుకి ఖాళీ విస్తరి మిగిలింది.

రెండో ఏడు ఆయన ఇంకా లోతుగా చెక్కించారు, యూరియా ఇంకొంచెం ఎక్కువ చల్లారు. తుంగ కూడా ఇంకొంచెం ఎక్కువ సంతోషించింది.

మా గట్టుకి అవతల ఇటుక బట్టీ ఉండేది. బట్టీ యజమాని మా పక్క పొలం అప్పటికే కొని మట్టి తవ్వేశాడు. అక్కడ పొలం అనడానికి ఏమీ లేదు, వాననీళ్ళు నిండిన గొయ్యి తప్ప. చెడ్డవాడు కాదు పాపం, మావయ్యని కాకా అని పిలిచేవాడు. "కాకా, ఇక్కడ గడ్డి తప్ప ఏం పండుతుంది? మట్టి బాగుంది, నాకిచ్చేయండి" అని హిందీలో మెత్తగా అడిగాడు. మావయ్య ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే చెప్పారు. ఇంకొక్క పంట చూస్తానని, ఇదీ తుంగ పాలైతే వానలు వెనకపట్టగానే పొలం అతనికిచ్చేస్తానని మాటిచ్చి వచ్చారట.

"గొయ్యి తీసేక అది మరి పొలవేటి?" అంది అత్త.

నాకు పొలం ఒక్కదాని గురించే కాదు, ఆయన గురించి కూడా భయం వేసింది. రోజూ పొద్దున్నే టిఫిన్ కేరియర్ సైకిలుకి తగిలించుకుని డ్యూటీకి వెళ్ళినట్టే పొలానికి వెళ్ళేవారు. అది పోతే ఆయన డ్యూటీ పోయినట్టే. డ్యూటీ లేని మావయ్యని పగలంతా ఇంట్లో భరించే ధైర్యం నాకూ లేదు, అత్తకీ లేదు, లోకోషెడ్ నుంచి అలిసొచ్చే మా ఆయనకి అసలే లేదు.

అప్పుడు నాకు మా నాన్న జనుము మడి గుర్తొచ్చింది. మా వైపు పశువుల మేతకి జనుము చల్లుతారు. చిన్నప్పుడు ఆ చేలో దాక్కునేవాళ్ళం. లోపల చల్లగా, చీకటిగా, కూచోడానికి వాకిలంత శుభ్రంగా ఉండేది. కలుపు తీసినవాళ్ళెవరూ లేరు. ఆ సంగతి ఇన్నేళ్ళూ ఎందుకు ఆలోచించలేదో!

"మావయ్యా, ముందు జనుము ఒత్తుగా చల్లుదాం. పూత రాకముందే పడగొట్టి, దాని మీదే నువ్వు వేద్దాం" అన్నాను.

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశారు. "గడ్డిని సంపడానికి గడ్డి ఏస్తానంటావేటమ్మా?"

"అవును."

"రేపు దొంగల్ని పట్టడానికి దొంగల్ని పెట్టమంటావు."

అత్త బియ్యం ఏరుతూ తలెత్తకుండా అంది. "రెండేళ్ళు నీ మాట ఇన్నాది ఆ నేల. ఏటి మిగిలింది? ఒక్కపాలి కోడలి మాట ఇననీ."

మా నాన్న విత్తనాలు మూట కట్టి తెలిసిన గార్డు చేతికిచ్చి బండిలో పంపారు. మృగశిర వానలకి చల్లాం. అది లేచిన జోరు చూసి నాకే భయం వేసింది. నెల తిరిగేసరికి మనిషెత్తుకి వస్తోంది. పాత గ్యాంగువాళ్ళు సైకిళ్ళు ఆపి మరీ నవ్వేవారు, మేటుగారి చేలో గడ్డి చూడండ్రా అని. మావయ్య మొహం ఎర్రబడేది. ఒక రోజు కొడవలి తీసుకుని బయల్దేరారు. వెనకాలే నేనూ వెళ్ళాను. ఎంత చెప్పినా వినరని, ఆయన చెయ్యి పట్టుకుని జనుములోకి లాక్కుపోయాను. కోడలు మావయ్య చెయ్యి పట్టుకు లాగడం మా ఇళ్ళల్లో ఉందా? ఆ క్షణాన అదేం గుర్తు లేదు నాకు.

లోపల వెలుగు పచ్చగా ఉంది. బయట బట్టీ దగ్గర లారీ మోత వినిపించడం మానేసింది. కాళ్ళ కింద నేల చల్లగా, తడిగా, మెత్తగా ఉంది. మావయ్య గొంతుక్కూచుని, ఇన్‌స్పెక్షన్ చేసినట్టు ఒక్కో మొదలూ పక్కకి జరిపి చూడడం మొదలెట్టారు. రెండేళ్ళు పారలకి లొంగని తుంగవి అక్కడ పాలిపోయి, దారప్పోగుల్లా నాలుగు పోచలు ఉన్నాయి. వేలితో తాకితే వాలిపోయాయి. ఆయన గుళ్ళో మాట్లాడినట్టు గొంతు తగ్గించి అడిగారు.

"ఎవుడు పీకేడు?"

"నీడే, మావయ్యా."

గ్యాంగు మొత్తం పారలు పట్టి చెయ్యలేని పని, చప్పుడు లేకుండా, ఒక్క చెమట చుక్క రాలకుండా ఆ ఆకులు చేసేశాయి. మేమిద్దరం ఆ పచ్చటి చీకట్లో ఎంతసేపు కూచున్నామో తెలీదు. కొడవలి ఆయన పక్కనే నేల మీద ఉంది.

మొగ్గ వేసేవేళకి ఎడ్లకి చెక్క పలక కట్టించి జనుమంతా నేలకి పడగొట్టించాం. అక్కడ పాత మేటు మళ్ళీ లేచారు. ఎండిన చెత్త పొలం నిండా పరుచుకుని ఉంటే ఆయన చూడలేకపోయారు, ఎత్తి కాల్చేద్దామన్నారు. చివరికి అత్త రాజీ కుదిర్చింది. గట్టు వార కొంచెం నేల ఆయనిష్టం, మిగతాది మా ఇష్టం. ఆయన ఆ ముక్కని చక్కగా చెక్కి, ఊడ్చి, యూరియా చల్లుకున్నారు.

మిగతాచోట ఎరువు సంగతి మస్తూరీ బ్లాకు నుంచి రైతులకి సలహాలివ్వడానికి వచ్చే గ్రామసేవక్ చెప్పాడు. ఊరందరికీ పంచొద్దు, మొక్క నోటికి అందించమన్నాడు. అంటే చెత్తని సన్నగా పాయ తీసి, సాలు అడుగున సూపర్ ఫాస్ఫేటు వేసి, మట్టి కప్పి, దాని మీద ఇసకలో కలిపిన నువ్వులు రాల్చాలి. సాళ్ళ మధ్య నేలకి ఎరువు ఒక్క పలుకు కూడా పడకూడదు. ఆ పని మావయ్యకి అప్పగించాం. తాడు కట్టి, ఒక కన్ను మూసి, నేల మీదకి వంగి ఆయన గీసిన సాళ్ళు చూసి తీరాలి. పట్టాలు వేసినట్టే ఉన్నాయి. ఆయన విద్య అంతా అందులో ఉంది. మఖ కార్తెలో ఆ పట్టాల మీద నువ్వు మొలిచింది.

సాళ్ళ మధ్య ఏమీ మొలవలేదు. అక్కడక్కడ చెత్త కింద నుంచి తుంగ తల పెట్టినా, తినడానికేమీ దొరక్క అక్కడే ఆగిపోయింది. గట్టు వార ముక్కలో మాత్రం పాత కథే, తుంగలో నువ్వు కనబడలేదు. ఒకే వాన, ఒకే మట్టి, మధ్యలో అడ్డుగోడ కూడా లేదు. మావయ్య రోజూ ఆ సరిహద్దు మీద నిలబడి ఇటోసారి అటోసారి చూసేవారు. పూత వచ్చిన రోజు అత్తని తీసుకెళ్ళాం. తెల్లటి పూల మధ్య ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నిలబడి, "ఓలమ్మో" అంది. తేనెటీగల రొద తప్ప ఇంకేం లేదు. నాకు ఏడుపొచ్చింది. నేలంటే ఏమిటో పల్లెలో పుట్టి కూడా అప్పుడే మొదటిసారి చూసినట్టనిపించింది.

వానలు వెనకపట్టాయి. నువ్వు కోసి కట్టలు కట్టి నిలబెట్టాం. మాట ప్రకారం బట్టీ యజమాని వచ్చాడు. కట్టల్ని చూశాడు, కానీ వ్యాపారం చేసేవాడు కదా, అంత తేలిగ్గా వదలడు. "పంట ఒక ఏడు వస్తుంది, ఒక ఏడు రాదు కాకా. మట్టి మాత్రం ఎప్పుడూ మట్టే. చెప్పండి మరి" అన్నాడు.

మావయ్య పొలం మధ్యకి నడిచారు, అతనూ మేమూ వెనకాల వెళ్ళాం. కోసిన మొదళ్ళ పక్కన గొంతుక్కూచుని, సగం చివికిన జనుము కాడల్ని పక్కకి తీశారు. చుట్టుపక్కల నేలంతా అప్పటికే ఎండి నెర్రెలు తీస్తోంది. ఇక్కడ మాత్రం మట్టి తడిగా, నల్లగా ఉంది. గుప్పెడు తీసి అతని అరచేతిలో పెట్టారు. అందులో నుంచి ఒక వానపాము తల బయటపెట్టి, అతని వేళ్ళ మీదుగా నెమ్మదిగా పాకింది.

"ఇస్‌కో జలాయేగా క్యా?" అన్నారు మావయ్య. దీన్ని కాలుస్తావా?

అతను చెయ్యి కదపకుండా కూచుని, ఆ మట్టిని తీసినచోటే జాగ్రత్తగా పెట్టి, పైన చెత్త కప్పి, మావయ్యకి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. కప్పడం అతనికి సరిగ్గా చేతకాలేదు, ఒక పక్క నేల కనబడుతోంది. మావయ్య వంగి, ఇంకో గుప్పెడు గడ్డి తెచ్చి అక్కడ కప్పారు.